ఆడవాళ్ళ పక్క రేకులు

మా ఆమదాలవలస చర్చిలో ఎలీసమ్మ పిన్ని చోటు పడమటి గోడ వారన, ఆడవాళ్ళ పక్క, రెండో కిటికీ కింద. పాతపట్నం నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో అక్కడ చాప వేసింది, మనవలు పుట్టాక కూడా అక్కడే వేసింది. వారమంతా రైసుమిల్లులో తవుడు ఎత్తి, ఆదివారం తలంటు పోసుకుని, తెల్లచీర కట్టుకుని వచ్చి ఆ కిటికీ కింద కూర్చుంటేనే ఆమెకు వారం గడిచినట్టు. మొగుడు పోయిన వారం కూడా మానలేదు. అలాంటి మనిషిని ఆ చోటు నుంచి లేపబోయిన ఘనత మా సెక్రటరీ శాంతికుమార్‌ది.

హుద్‌హుద్ తుఫానుకు చర్చి పెంకులన్నీ ఎగిరిపోతే ఇనప రేకులు వేశారు. రేకులకీ కింద చెక్క సీలింగుకీ మధ్య మనిషి వంగి నడిచేంత అటక ఉంది. మరుసటి ఎండాకాలానికి రేకుల సెగంతా ఆ అటకలో చేరి మా నెత్తిన దిగడం మొదలుపెట్టింది.

రేకులు వేసినవాళ్ళు రెండు దారులు చెప్పారు. అటక రెండు కొసల్లో ఉన్న గాలి కంతలు పెద్దవి చేసి, కప్పు మీద మిల్లులకుండే గుండ్రటి తిరుగుడు పంకాలు పెడితే తక్కువ ఖర్చులో వేడి బయటికి పోతుంది. లేదంటే రేకుల అడుగున ఫోము కొట్టించాలి, అది నురగలా పొంగి గట్టిపడి వేడిని దిగనివ్వదు. కొడితే మాత్రం కప్పంతా కొట్టాలి. ఇంతకంటే తేలిక ప్రశ్న మా కమిటీ ముందుకు ఎన్నడూ రాలేదు. అయినా తప్పారు మహానుభావులు.

కమిటీ అంతా మగవాళ్ళు. వాళ్ళు కూర్చునేది తూర్పు పక్క. శాంతికుమార్ శ్రీకాకుళంలో ఏసీ ఆఫీసులో గుమాస్తా. "మిల్లు మీద పంకాలు తెచ్చి దేవుడి మందిరం మీద పెడతారేటి? నామోషీ కాదా?" అన్నాడు. తరవాత 'ఇన్సులేషన్' అని ఎన్నిసార్లు అన్నాడంటే, ఆ మాట పలకడానికే మీటింగు పెట్టాడేమో అనిపించింది నాకు. ఫోమే ఖాయం చేశారు.

చందాలు సగం కప్పుకే సరిపోయాయి. ఏ సగమో మీరీపాటికి కనిపెట్టే ఉంటారు. వేదిక మీదా, తూర్పు పక్కా కొట్టించారు. పడమటి వేడి తమ వైపు రాకుండా అటక మధ్యలో చెక్కలు అడ్డం కొట్టించారు, ఆ తెలివి మాత్రం ఉంది. ఫోము ఉన్నచోట గాలి ఆడకూడదట, కంతలు కూడా సిమెంటుతో మూయించారు. మా వైపు ఫోమూ లేదు, గాలీ లేదు.

మే నెల మొదటి ఆదివారం పొద్దుటి ఆరాధనలో ప్రభురాత్రి భోజనం, రొట్టె పంచుతున్నారు. "సల్లగా ఉన్నాది కదా," అని తూర్పున ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఇటు ఎలీసమ్మ పిన్ని రొట్టె ముక్క చేతిలో పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. వరండాలోకి మోసుకెళ్ళి మొహాన నీళ్ళు కొట్టాం.

ఆమె కళ్ళు తెరిచాక శాంతికుమార్ వచ్చాడు. "ఈ వయసులో నీకెందుకు పిన్నీ ఈ శ్రమ? ఇంటికాడే ప్రార్థన సేసుకో. దేవుడు అన్ని సోట్లా ఉంటాడు." నాకు ఒళ్ళు మండిపోయింది. అతను వెళ్ళాక పిన్ని నా చెయ్యి పట్టుకుని, "నన్నింక రావద్దంటన్నాడేటే గ్లోరీ?" అని ఏడ్చింది.

మరుసటి ఆదివారం మొదటి పాట అయ్యాక వచ్చింది, చంకలో చాపతో. మా వైపు చూడలేదు. నేరుగా తూర్పు పక్కకి నడిచి, శాంతికుమార్ కుర్చీ ముందు చాప పరిచి కూర్చుంది.

"పిన్నీ, ఇది మొగోళ్ళ పక్క," అన్నాడతను, గొంతు తగ్గించి.

"దేవుడు అన్ని సోట్లా ఉంటాడన్నావు కదరా శాంతీ. ఈ పక్కన మాత్రం నేడేటి?"

నేను లేచి నా చాప చుట్టాను. నా వెనక అందరూ లేచారు. తూర్పు పక్క నిండిపోయింది, మగవాళ్ళు గొణుక్కుంటూ పడమటికి వెళ్ళారు. శాంతికుమార్‌కి ఆ రెండో కిటికీ కిందే చోటు దొరికింది. వేదిక మీద చల్లగానే ఉంది కనక పాస్టరుగారు ప్రసంగం ఏమాత్రం తగ్గించలేదు. సెక్రటరీగారి చొక్కా వీపుకి అంటుకుపోయింది. చివరి ప్రార్థనకి ఆయన వరండాలో ఉన్నాడు. నాకు జాలి వెయ్యలేదు.

సోమవారం పొద్దున్నే కంతల సిమెంటు పగలగొట్టించారు. నెల తిరిగేసరికి పడమటి కప్పు మీద మిల్లు పంకాలే తిరుగుతున్నాయి. నామోషీ ఏ గంగలో కలిసిందో ఎవరూ అడగలేదు.

"పిన్నీ, మీ పక్క సల్లబడింది. నీ సోటికి నువ్వు రా," అని శాంతికుమారే వచ్చి పిలిచాడు.

"వస్తాన్రా, నా సోటికి నేను రానేటి? ముందు నువ్వు ఓ ఆదివారం అక్కడ కూకో. సల్లగా ఉన్నాదో నేదో సూసి సెప్పు."

ఆ ఆదివారం ఆడవాళ్ళం మా పక్కకి తిరిగొచ్చాం. రెండో కిటికీ కింద, మా మధ్య, ఆమె చాప మీదే సెక్రటరీగారు ఆఖరి ఆమెన్ దాకా కూర్చున్నాడు.