పొడపత్రి నమిలి పాయసం వండితే

మొన్న శుక్రవారం మా ఇంట్లో పాయసం తిన్నవాళ్ళు ఈపాటికి ఒమాన్‌లో మేముండే ఈ సీబ్ ఊళ్ళో ఉన్న మంచినీళ్ళన్నీ తాగేసి ఉంటారు. నవ్వకండి, ముందు వినండి!

మావారికి షుగరు. భీమవరం నుంచి వస్తున్న వాళ్ళెవరి చేతో మా అత్తగారు ఎండబెట్టిన పొడపత్రి ఆకు పంపించారు. "రోజూ నాలుగాకులు నమిలితే చాలట, ఆ మాత్రలు మానేయమను" అని ఫోన్లో ఒకటే పోరు. ఈయనకి మాత్రలంటే మొదట్నుంచీ చిరాకే. "అమ్మ చెప్పిందిగా, రేపట్నుంచి అదే" అనేశారు. దేశం కాని దేశంలో ఈ మనిషి కళ్ళు తిరిగి పడితే నేనేం చెయ్యను?

"డాక్టర్ని అడిగేదాకా మాత్ర మానడానికి వీల్లేదు. అసలు ఆ ఆకు మంచిదో కాదో ముందు నేను తిని చూస్తాను" అన్నాను.

"నీకు షుగరే లేదు కదే?"

"అందుకే, నేనైతే సేఫు!"

డిగ్రీలో కెమిస్ట్రీ చదివానన్న ధీమా అది. శుక్రవారం సాయంత్రం మిషనుతో వేలు పొడుచుకుని షుగరు చూసుకున్నాను. ఆకులు బాగా నమిలాను. అబ్బ, ఏం చేదు! కాసేపాగి మళ్ళీ పొడుచుకున్నాను. పెద్ద తేడా ఏం లేదు. కళ్ళు తిరగలేదు, కడుపులో తిప్పలేదు. "ప్రమాదమూ లేదు, ప్రయోజనమూ లేదు" అని రిజల్టు ప్రకటించేసి వంటింట్లోకి వెళ్ళాను.

ఆ సాయంత్రమే మావారి మేనేజరు సలీం గారు, వాళ్ళావిడ టీకి వస్తున్నారు. ఒమానీలు, మా ఇంటికి రావడం ఇదే మొదలు. సేమ్యా పాయసం పెట్టాను. పంచదార వేసి రుచి చూస్తే చప్పగా ఉంది. ఇంకాస్త వేశాను. అబ్బే!

"ఏవండీ, ఇక్కడి పంచదారలో తీపే లేదండీ!"

"బ్రాండు మార్చు" అన్నారు హాల్లోంచి.

డబ్బా ఖాళీ అయింది. కొత్త ప్యాకెట్ చింపాను. అయినా వేణ్ణీళ్ళలో సేమ్యా ఉడికించినట్టే ఉంది. ఈయన చేత రుచి చూపిద్దామంటే షుగరాయె! ఇంతలో బెల్లు మోగింది. ఆ కంగారులో కండెన్స్‌డ్ మిల్క్ టిన్ను కూడా ఒంపేశాను.

సలీం గారు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. కనుబొమలు టోపీ దాకా వెళ్ళిపోయాయి. "వాటర్ ప్లీజ్." గ్లాసు ఖాళీ చేశారు. మర్యాదస్తుడు పాపం, మళ్ళీ ఒక చెంచా, మళ్ళీ గ్లాసు.

నేనేమో, "షుగర్ తక్కువైందా సర్? కొంచెం తెమ్మంటారా?"

"నో నో సిస్టర్! ఎనఫ్! వల్లా, ఎనఫ్!" అని దేవుడి మీద ఒట్టేశారు.

మావారికి అనుమానమొచ్చింది. నా కప్పులో వేలు ముంచి నాలుక్కి రాసుకున్నారు. "ఏమే, ఇది పాయసమా, పాకమా?" అన్నారు పళ్ళ బిగువున.

నేనూ ఒక చెంచా తిన్నాను. ఆకు ప్రభావం అప్పుడే దిగుతోంది కాబోలు, తీపి ఒక్కసారిగా తగిలింది. పళ్ళు జివ్వుమన్నాయి! "అయ్యో, ఆకు!" అని తల పట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతూ, వచ్చీరాని ఇంగ్లీషులో జరిగిందంతా చెప్పాను.

సలీం గారు నమ్మలేదు. ఒక ఆకు అడిగి నమిలి, కాసేపాగి ఖర్జూరం కొరికారు. "సాండ్! ఇసుక తిన్నట్టుంది!" అని పొట్ట పట్టుకుని నవ్వారు. వాళ్ళావిడ మాత్రం చప్పుడు చెయ్యకుండా కప్పు ఖాళీ చేసి, "మాషా అల్లా, మా హల్వాలాగే ఉంది. ఇంకొంచెం పెడతావా?" అంది.

వాళ్ళు వెళ్ళాక మావారు ఎవరూ చెప్పకుండానే మాత్ర వేసుకున్నారు. "అంత పంచదార వేస్తే నాలుకకి తెలియనివ్వలేదు ఈ ఆకు. రక్తంలో ఏం చేస్తుందో డాక్టరే చెప్పాలి. ఆకు పట్టుకెళ్ళి చూపిస్తాలే" అన్నారు. హమ్మయ్య!

మర్నాడు పొద్దున్నే సలీం గారి భార్య ఫోను. "సిస్టర్, మా చెల్లెలింట్లో ఫంక్షన్. పెద్ద గిన్నెడు పాయసం చేసివ్వాలి. సేమ్ స్వీట్, ఓకే?"

మహా సంబరంగా ఓకే చెప్పేశాను. ఫోను పెట్టేశాక వెలిగింది. పంచదార ఎంత వేశానో నాకు తెలిస్తే కదా! నాలుక చెప్పినట్టు వేశాను, ఆ నాలుకేమో ఆ పూట డ్యూటీలో లేదు. ఇప్పుడు అదే తీపి కుదరాలంటే, నేను మళ్ళీ ఆకు నమిలి పొయ్యి దగ్గర నిలబడాల్సిందే!