చింతపండు బుట్టతో పోయిన వార్త

కడపలో సరుకుల అంగడి కేశవయ్య ఇల్లాలు సుబ్బరత్నమ్మకు మేనమామ కూతురు రాజ్యలక్ష్మమ్మ అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. అంత ప్రాణమైన మనిషే 1955లో కంట్లో నలుసయింది.

ఇద్దరూ మద్రాసులో ఒకే హాస్టలు గదిలో ఉండి ఎం.ఏ. చదివారు. పత్రిక రాని పల్లెకు వార్త ఎలా చేరుతుంది, ఎవరు మోసుకొస్తారు, దారిలో అది ఎంత మారుతుంది అన్న ఆలోచన మొదట రత్నమ్మకే వచ్చింది. ఒక వేసవిలో మిద్దె మీద వడియాలు పెడుతూ తనే వదిన రాజ్యలక్ష్మమ్మతో చెప్పింది. దాని మీద డాక్టరేటు చేస్తే బాగుంటుందని కూడా తనే అంది. అప్పుడు వదిన చేతికంటిన పిండి కడుక్కుంటూ ఊ కొట్టింది. అంతే.

పెళ్లిళ్లయ్యాక ఇద్దరూ ఒకే ఆచార్యుడి దగ్గరికి దరఖాస్తు పంపారు. వార్తల మీద పరిశోధనకు అప్పట్లో వేరే శాఖంటూ లేదు. అర్థశాస్త్రం చెప్పే ఆ పెద్దాయన ఒక్కడే సరేనన్నాడు, అదీ ఒక్కరికే. మాట్లాడటానికి పిలిచినప్పుడు రత్నమ్మ తన పేరూ ఊరూ చెప్పి ఆగిపోయింది. తెలిసిన జవాబులన్నీ నాలుక దాటి రాలేదు. రాజ్యలక్ష్మమ్మ మాత్రం జిల్లాల పటం బల్ల మీద పరిచి గడగడా చెప్పింది. సీటు ఆమెకిచ్చి, ఏడాది తిరిగేసరికి పని ముందుకు సాగకపోతే సుబ్బరత్నమ్మను తీసుకుంటానని ఆచార్యుడు చెప్పాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని రత్నమ్మ ఏడాదంతా ఎదురుచూసింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రాజ్యలక్ష్మమ్మ భర్త అక్కడ గుమాస్తా. ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వస్తే రత్నమ్మ ముందు క్షేమసమాచారాలు వదిలేసి, పని ఆగిందన్న మాట ఎక్కడైనా ఉందేమోనని వెతికేది. ఎక్కడా ఉండేది కాదు.

మరుసటి ఏడు మాఘమాసంలో వదిన కడపకు వచ్చి ఒక పూట ఉంది. అన్నం తింటూ తన ఉపాయం చెప్పింది. ఒక ఊళ్లో ఒకే ఒక్క మనిషి చెవిన చిన్న నిజం వేసి వదిలేస్తుంది. పత్రిక లేదు, దండోరా లేదు. పది రోజులాగి బద్వేలుకు వెళ్లి, అది అక్కడికి చేరిందో లేదో అడుగుతుంది. చేరకపోతే ఆచార్యుడికి చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఏ ఊళ్లో, ఏ సంగతి అని రత్నమ్మ అడిగింది.

"నీకు చెప్తే ఇంగేముండాది రత్నా, నా పనంతా చెడిపోతాది" అని వదిన నవ్వింది. ఆ నవ్వు రత్నమ్మకు అరగలేదు.

నాలుగు రోజులకు కమలాపురం నుంచి చింతపండు అమ్మే నాగక్క రైలు దిగి బుట్టతో వచ్చింది. ఎప్పుడూ ఆ వీధిలో మొదటి బేరం రత్నమ్మ అరుగు మీదే. తర్వాత ఇల్లిల్లూ తిరిగేది. బుట్ట దించి చెమట తుడుచుకుంటూ, "అమ్మయ్యా, వచ్చే నెల మొదటి శుక్రవారం మా ఊళ్లో ఆడోళ్లకని రేడియో పెడ్తాండారంట. మొగోళ్లను దగ్గరికి రానీరంట. కర్నూలు నుంచి వచ్చినొకమ్మ నాకొక్కదానికే చెప్పింది" అంది.

రత్నమ్మకు వెలిగింది. ఇదే ఆ వార్త. ఈ బుట్ట వీధిలోకి పోతే వార్తా పోతుంది. ఈ అరుగు మీదే ఆగిపోతే?

"బుట్టంతా నాకే దింపు నాగక్కా."

"ఇద్దరుండే ఇంటికి ఇంతేం చేసుకుంటావమ్మా?"

"మిరపపండ్ల కారానికి. నువ్వు నేరుగా స్టేషనుకు పో, ఎండెక్కుతాండాది."

నాగక్క ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని మళ్లింది. ఎదురింటి రామేశ్వరమ్మ అది చూసి వచ్చి, ఏం రత్నమ్మా, అంత చింతపండెందుకని అడిగింది. ఎక్కడ నోరు జారుతుందోనని రత్నమ్మ పెదవి విప్పలేదు. పని ఉందన్నట్టు తలూపి తలుపు వేసుకుంది.

అక్కడే తప్పు చేసింది. అంగడివాళ్ల ఇల్లాలు బుట్టెడు చింతపండు కొని, ఎందుకో చెప్పకుండా తలుపేసుకుంటే ఆ వీధికి ఒకటే అర్థం: ధర పెరగబోతోంది. రామేశ్వరమ్మ పక్కింటికి పరుగెత్తింది. అందరూ కలిసి అంగడికి పోయి అడిగితే, ఏమీ తెలియని కేశవయ్య తనకేమీ తెలియదన్నాడు.

"మొగుడూ పెండ్లామూ ఒకే మాట మింద ఉండారు" అని రామేశ్వరమ్మ తేల్చేసింది.

రైలు రాకముందే ఆడవాళ్లు స్టేషనుకు చేరుకుని నాగక్కను చుట్టుముట్టారు. ఇవ్వడానికి ఆమె దగ్గర చింతపండు లేదు. ఉన్నదల్లా రేడియో సంగతే. అదే అందరికీ పంచింది. సాయంత్రానికి, చింతపండు కొని పెట్టుకోమని బద్వేలు చుట్టాలకు బస్సులో కబురు వెళ్లింది. రేడియో కబురూ అదే బస్సెక్కింది.

పది రోజుల తర్వాత వదిన బద్వేలు నుంచి నేరుగా రత్నమ్మ ఇంటికొచ్చి ఆమెను కావలించుకుంది. బద్వేల్లో వార్త తెలియని ఆడమనిషి లేదట. ఎవరు చెప్పారని వెనక్కి అడుగుతూ వస్తే దారి ఈ అరుగు దగ్గర తేలిందట. ఎందుకు కొన్నావని అడిగితే రత్నమ్మ మిరపపండ్ల కారానికంది. తను అడ్డం వేసిన కాలే వదినకు మెట్టయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ చింతపండు మాత్రం కుండల్లో అలాగే ఉండిపోయింది. రోజూ చారేనా అని కేశవయ్య విసుక్కునేవాడు.

1958 ఎండాకాలంలో రాజ్యలక్ష్మమ్మ డాక్టరైంది. అట్ట కట్టించిన సిద్ధాంతగ్రంథం పట్టుకుని కడపకు వచ్చింది. అందులో చింతపండు మీద ఒక అధ్యాయమే ఉంది. చెప్పిన మాట కన్నా చెప్పని మాట ఎంత తొందరగా నడుస్తుందో అందులో రాసింది. పరీక్షకులు మెచ్చుకున్నది ఆ అధ్యాయాన్నేనట. రత్నమ్మ వింటూ పైట కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఒక్క ప్రశ్నకే నేను జవాబు చెప్పలేకపోయినా" అంది వదిన. "ఆ ఇల్లాలు అంత చింతపండు ఎందుకు కొనిందని అడిగినారు. కారానికంటే ఒక్కరూ నమ్మలా. ఇప్పుడన్నా చెప్పు రత్నా, ఎందుకు కొన్నావు?"

రత్నమ్మ వేలికున్న కొంగు విప్పి మళ్లీ చుట్టింది. చూపు నేల మీదికి దించింది. వదిన ఆ మొహాన్ని చాలాసేపు చూసింది. మూడేళ్లు ఇలాంటి మౌనాల వెంటే తిరిగిన మనిషి. మళ్లీ అడగలేదు.

"నా సీటు ఖాళీ అయింది" అంది మెల్లగా. "సారు నీ పేరు మర్చిపోలా. జూన్‌లో దరఖాస్తు పెట్టు. రాసేదానికి నేను సాయముంటా."

"నువ్వొద్దొదినా, నేనే రాసుకుంటా."

రత్నమ్మ గ్రంథాన్ని ఒళ్లోకి తీసుకుంది. పేరు చూడలేదు, మొదటి పుట చూడలేదు. వెనక నుంచి తెరిచి ఆఖరి పుట అంకె చూసింది. మూడువందల పన్నెండు.

"ఇంతేనా?" అంది.