జర ఆగు అన్న టీచరమ్మ

టీచరమ్మ పోయారని చేవెళ్ల నుంచి ఫోన్ వచ్చేసరికి నేను కుక్కర్ మూత బిగిస్తున్నాను. ఆవిడతో కలిసి ఉండే చెల్లెలు చేసింది. "అక్క పోయిందమ్మ. పొద్దుగాల చాయ్ పెట్టి లేపిన, లేవలే," అంది. నాకు మొదట ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. క్రిస్మస్ ఇంకా రానే లేదు. ఇన్నేళ్లూ మమ్మల్నందరినీ "జర ఆగుండ్రి" అని ఆపిన మనిషి తను మాత్రం ఆగకుండా వెళ్లిపోవడం ఏం న్యాయం?

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. సర్కారు బడిలో పనిచేసి రిటైరయ్యారు. మొయినాబాద్‌లో మా చిన్న చర్చిలో సండే స్కూలు నడిపేవారు. నేను కోస్తా నుంచి వచ్చినదాన్ని. మావారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పుణ్యమా అని మొయినాబాద్ పక్కనే హిమాయత్‌నగర్ ఊరి దారిలో ఒక వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నాం. మా వాళ్లలో డిసెంబరు అడుగుపెట్టిందంటే చాలు, పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌ల జాతరే. ఆఫీసులో ఒకటి, కాలనీలో ఒకటి, బంధువుల ఇళ్లలో తలా ఒకటి. ప్రతిచోటా కేకు, బిర్యానీ, ఎర్ర టోపీలు. తీరా అసలు పండుగ వచ్చేసరికి పాడటానికి గొంతూ ఉండదు, తినడానికి కడుపూ ఉండదు.

టీచరమ్మకు ఇదంటే ఒళ్లుమంట. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ ఆగమన కాలం. ప్రభువు రాక కోసం కనిపెట్టుకుని ఉండే కాలం. పశువుల తొట్టిలోకి ఒకసారి వచ్చాడు, మళ్లీ వస్తానన్నాడు, ఈ రెండు రాకల నడుమ మన బతుకు. ఇదంతా పాస్టర్లు ప్రసంగాల్లో చెప్పేదే. టీచరమ్మ మాత్రం ఒక పాత జల్లెడతో చెప్పేవారు. వల ఊడిపోయిన ఆ జల్లెడ చట్రానికి వేప రెమ్మలు, కానుగ రెమ్మలు చుట్టి, చుట్టూ నాలుగు ఊదారంగు కొవ్వొత్తులు, మధ్యలో ఒక తెల్లది నిలబెట్టేవారు. ఊదావి వారానికొకటి చొప్పున వెలిగించాలి. తెల్లది క్రీస్తుది. అది పండుగ రోజే. అప్పటిదాకా ఎవరూ దాని జోలికి పోకూడదు.

చేవెళ్ల నుంచి బస్సులో చామంతి మూటల మధ్య ఇరుక్కుని వచ్చేవారు. చీర నిండా పువ్వుల వాసన. కానీ చర్చిలోకి ఒక్క పువ్వు తెచ్చేవారు కాదు. "పూలు పండుగకే. గిప్పుడు ఆకులు చాలు," అనేవారు. పిల్లలు ఊరుకుంటారా? "టీచర్, తెల్లది ఎప్పుడు ముట్టిస్తం?" అని ప్రతి వారం ప్రాణం తీసేవాళ్లు. "అడుగుతనే ఉండుండ్రి. గీ నాలుగు వారాలు అడుగుడే మన పని," అనేవారు.

మా పరిచయమే గొడవతో మొదలైంది. కొత్తగా వచ్చిన ఏడు, డిసెంబరు మొదటి వారంలోనే ప్లమ్ కేకు చేసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ రెండు చేతులతో తీసుకుని, వాసన చూసి, సరాసరి ఫ్రిజ్‌లో పెట్టేశారు.

"అదేంటి టీచరమ్మా, కొయ్యరా?"

"గిప్పుడే కోస్తే పండుగనాడు ఏం కోస్తవ్ బిడ్డ? జర ఆగు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఈవిడకెంత పొగరు అనుకున్నాను. పండుగనాడు ఆరాధన అయ్యాక అదే కేకు సంచిలోంచి తీసి, చర్చి మెట్ల మీద కోసి, మొదటి ముక్క నా నోట్లో పెట్టారు. నిజం చెప్పొద్దూ, చేసిన రోజుకంటే రుచిగా ఉంది. ఆ మాట ఆవిడతో అనలేదు, అంటే ఇంకా నెత్తికెక్కుతారని. ఆ తర్వాత ప్రతి ఏడూ కావాలనే డిసెంబరు మొదట్లోనే పట్టుకెళ్లేదాన్ని. ఆవిడా కావాలనే ఫ్రిజ్‌లో పెట్టేవారు.

ఒక ఏడు మాత్రం కేకు చెయ్యలేదు. నాకు రెండోసారి కడుపు పోయిన ఏడు అది. ఎక్కడికి వెళ్లినా శిశువు పుట్టాడని పాటలు, ఉయ్యాలలు, బొమ్మలు. "సంతోషంగా ఉండాలమ్మా, పండుగ రోజులు," అని హితబోధలు. ఆ నోళ్లు నొక్కెయ్యాలనిపించేది. చర్చికి వెళ్లి వెనక గోడ పక్కన కూర్చున్నాను. టీచరమ్మ వచ్చి పక్కన కూర్చున్నారు. జల్లెడ నా ఒళ్లో పెట్టి, "ఆకులు చుట్టు," అన్నారు. చుడుతూ ఏడ్చాను. అప్పుడు చెప్పారు.

"మా ఆయన దవాఖానల ఉన్నప్పుడు డిసెంబరే. ఏ కూడికకు పోయినా సంతోషించు, సంతోషించు అన్నరు. మరి యాడ గూసోని ఏడ్వాలె? గీ నాలుగు వారాలు ఏడ్చేటోళ్లయి బిడ్డ. ఇంకా రానిదాని కోసం చూసేటోళ్లయి. గివి గూడ గుంజుకుంటె ఎట్ల?"

నా ఎదురుచూపు ఫలించిందా అని అడక్కండి. ఫలించలేదు. కానీ ఆ చర్చిలో ఏడవడానికి నాకొక చోటుందని ఆ రోజు తెలిసింది. ఆ చోటును ఆవిడ అందరితో పోట్లాడి కాపాడుతున్నారని కూడా తెలిసింది. ముఖ్య అతిథి వచ్చారని ఒకసారి, ఫొటో బాగా రావాలని ఒకసారి, తెల్ల కొవ్వొత్తి ముందే వెలిగించబోతే అగ్గిపెట్టె లాక్కున్న మనిషి ఆవిడ.

అలాంటి ఆవిడ పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో ఏం జరిగిందో చెబుతాను, నా కడుపుమంట చల్లారదు గానీ. మూడో ఊదా కొవ్వొత్తి కూడా ఇంకా వెలగని వారం. ఆవిడ ఫొటో చుట్టూ చామంతులు గుట్టలుగా పోశారు. పాస్టర్ గారు తెల్ల కొవ్వొత్తి వెలిగిద్దామన్నారు. నేను లేచి దగ్గరికి వెళ్లాను.

"టీచరమ్మకు పండుగ వచ్చేసింది గదమ్మ. ఆమె ప్రభువు దగ్గరున్నది. ముట్టిస్తే అందరికి ఆదరణగ ఉంటది," అన్నారాయన, మెల్లగానే.

"ఆవిడకొచ్చింది అయ్యగారూ. మాకు రాలేదు," అన్నాను.

"మీరు బాధల ఉన్నరు, కూసోండమ్మ," అని నా భుజం తట్టి, వెలిగించేశారు. ఆయన మనసులో ప్రేమే ఉంది, కాదనను. జనం చప్పట్లు కొట్టారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. క్వయర్ వాళ్లు క్రిస్మస్ పాట అందుకున్నారు. ఆవిడ బతికుంటే ఆ అగ్గిపెట్టె గాల్లో ఎగిరేది. నాకు చేతకాలేదు. వచ్చి కూర్చున్నాను.

కూడిక అయ్యాక చేవెళ్లలో వాళ్లింటికి వెళ్లాం. ఇంటినిండా చుట్టాలు. చెల్లెలు ఫ్రిజ్ తలుపు తీసి నన్ను పిలిచింది. "గీ కేకు నువ్వు తెచ్చిందే గద? చాయ్‌తోని అందరికి పెడత. కొయ్యాల్నా?" అంది. ఈ ఏటి కేకు. టీచరమ్మ చేత్తో కట్టిన కాగితం కట్టినట్టే ఉంది, మీద స్టీలు పళ్లెం బోర్లించి ఉంది. వద్దని తల ఊపి, ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో ఇంటికి తెచ్చాను.

ఇప్పుడది మా ఫ్రిజ్‌లో ఉంది. పాల ప్యాకెట్ కోసం తలుపు తీసినప్పుడల్లా కనిపిస్తుంది. నిన్న మావారు కత్తి పట్టుకుని వచ్చి ఫ్రిజ్ తలుపు తీశారు. "ఆవిడే లేరు కదా, ఇంకా ఎవరి కోసం దాస్తున్నావు?" అన్నారు.

"జర ఆగండి," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. ఆయన నా మొహం చూసి కత్తి గట్టు మీద పెట్టేశారు. తలుపు ఇంకా తెరిచే ఉంది. లోపలి చిన్న దీపం వెలుగులో, స్టీలు పళ్లెం కింద, కేకు కట్టిన కాగితంలో అలాగే ఉంది.