పదో సీసా

దేవుణ్ణి నమ్ముతాను, దయ్యాల్ని నమ్మను. మా అమ్మ నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించింది. ముందు పూజ, తర్వాత లెక్కలు. దయ్యాలకు మా ఇంట్లో వేళే ఉండేది కాదు.

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ ఎంతుందో హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద కొలుస్తాం. ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం ఒకటి పెట్టి, దానితో పోల్చి మిగతావి లెక్కగడతాం.

ఈ పని నాకు నేర్పింది రాధమ్మగారు. సీసాల మీద పెన్సిల్‌తోనే రాసేవారు, పెన్ను సిరా ద్రావకం తగిలితే పోతుందని. కొలత తేడా వస్తే ఒకటే మాట: "మిషన్ అబద్ధమాడదు బిడ్డా, మనమే ఆడుతం." నిరుడు వానాకాలంలో పోయారు.

మొన్న దసరా అయ్యాక నిజామాబాద్ వైపు మహిళా సంఘం పసుపు వచ్చింది. మూడుసార్లు చేసినా కర్క్యుమిన్ తక్కువే. కల్తీ అని రాస్తే ఆ ఆడవాళ్ల సరుకు ఇక ఎవరూ ముట్టరు.

"ఇంకెంతసేపండీ? అయిదింటికి రిపోర్టు పోవాలి," ఫోన్‌లో అన్నారు మేనేజరుగారు. నేను మిషన్‌కు దండం పెట్టకుండా మొదలుపెట్టనని ఆయనకు తెలుసు. "మీ దండాలకు పసుపు చిక్కబడదు కదా!"

చివరిసారిగా తొమ్మిది సీసాలు పెట్టి, లిస్టులో తొమ్మిది వరుసలు టైపు చేసి వేరే పనిలో పడ్డాను. మూడింటికి చూస్తే పదోది నడుస్తోంది.

"అక్కా, తొమ్మిదే అన్నవ్ గదా. గీ పదోదేంది?" అంది పక్క బల్ల స్వప్న. తను ముట్టలేదంది. ఆ రోజు తలుపు కార్డు రికార్డులో మా ఇద్దరి పేర్లే ఉన్నాయి.

సీసా మీద పెన్సిల్‌తో "మూత" అని ఉంది. కింద రెండు గీతలు. రాధమ్మగారు అలాగే గీసేవారు. తెరమీద, సరిగ్గా కర్క్యుమిన్ వచ్చే నిమిషంలో, గీత నిలువునా లేచింది. ఆ సీసాలో ఉన్నది పసుపే.

అన్నిసార్లూ మారకుండా వాడింది పోల్చిచూసే ద్రావణం ఒక్కటే. దాని బుడ్డి మూతను ద్రావకంతో కడిగాను. ద్రావకం పచ్చబడింది. ఆయుధపూజ నాడు మిషన్‌కు బొట్టు పెట్టి, వేలికి మిగిలిన పసుపు ఆ మూతకూ పెట్టింది నేనే. తుడిచాననుకున్నాను; అది బుడ్డిలోకి రాలింది. వాళ్ల పసుపు తక్కువ కాలేదు, నా కొలబద్దే పెరిగింది.

మేనేజరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. రిపోర్టు మర్నాటికి ఆగింది. కొత్త బుడ్డితో చేస్తే సరుకు నిలిచింది.

స్వప్నను ఇప్పటికీ అడుగుతుంటాను. "ఒట్టు అక్కా, ఎన్నిసార్లు ఒట్టు ఏయించుకుంటవ్," అంటుంది. నాకు వేరే కారణం దొరకలేదు.

ఆ సీసా మా దేవుడి అరలో ఉంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియని కృతజ్ఞత అది. రోజూ దీపం వెలిగించాక దండం పెడతాను. బొట్టు మాత్రం పెట్టను.