బంగళా వెనక బీడులో గోల్ఫ్

మిర్యాలగూడలో నేను రోడ్ల ఓవర్సీరుగా చేరినప్పుడు మా ఇంజనీరు హైదరాబాదు నుంచి వచ్చిన ముస్లిం పెద్దమనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనకు గోల్ఫ్ అంటే ప్రాణం. బంగళా వెనక బీడులో తుమ్మకంప కొట్టించి, అక్కడక్కడా గుంతలు తవ్వించి, వాటిలో ఖాళీ డబ్బాలు పాతించారు. ఆడటానికి తోడు లేక నన్ను పిలిచారు.

బంతి కొట్టడం కంటే ముందు మర్యాద నేర్పారు. గుంతకు ఎవరి బంతి దూరంగా ఉంటే వాళ్లే ముందు కొట్టాలి. ఒకరు కొడుతుంటే రెండోవాళ్లు కదలకూడదు, మాట్లాడకూడదు. ఎదుటివాళ్ల బంతి దొర్లే దారిలో కాలు పెట్టకూడదు.

ఒకసారి నా బంతే దూరంగా ఉన్నా, పెద్దాయన కదా అని పక్కకు తప్పుకున్నాను.

"మీరు కొట్టుండ్రి, సాబ్."

"గట్ల కాదు, ఓవర్సీర్ సాబ్. వంతు మీది. దఫ్తర్ల నేను ఇంజనీర్ని. గీడ గాదు."

చేతులు కట్టుకుని నిలబడ్డారు. పై అధికారి ఒకరు నాకోసం ఆగడం నేనెరగను. నేను కొడితే బంతికి బదులు మట్టి లేచింది. ఆయన నవ్వలేదు.

నలభై ఎనిమిదిలో గొడవలు ముదిరి ఆట ఆగిపోయింది. సెప్టెంబరులో ఇండియా పటాలాలు కోదాడ మీదుగా వచ్చాయి. అక్కడే ఆయన తమ్ముడు గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టుకుని ఉండేవాడు. పటాలాలు దాటిపోయాక ఆ దుకాణం మీద మూక పడిందని కబురొచ్చింది. ఇద్దరం లారీలో బయలుదేరాం. సూర్యాపేటలో సిపాయిలు ఆపితే నేను దిగి మాట్లాడాను. ఆయన లోపల తల వంచుకుని కూర్చున్నారు.

కోదాడలో దుకాణం తలుపులు విరిగి పడి ఉన్నాయి. పక్కింటి ముసలమ్మ మమ్మల్ని చూసి బయటికి వచ్చింది.

"నిన్ననే మట్టి చేశారయ్యా. మోయటానికి మనుషులు లేకపోతే మా పిల్లలే పట్టారు. నాకు ఏమీ కాకపోయినా, అవ్వా అవ్వా అనేవాడు."

ఆయన ఆ మట్టి దగ్గర నిలబడి దువా చదివారు.

కొన్ని వారాలు పోయాక ఒక సాయంత్రం ఆడదామని పిలిచారు. తన బంతి కొట్టి, నేను కొట్టేదాకా ఆగకుండా నడిచి వెళ్లి మళ్లీ కొట్టారు. నా బంతి వెనకే ఉండిపోయింది. దాన్ని కొట్టబోతుంటే వెనక్కి తిరిగి మాట్లాడసాగారు.

"చిన్నప్పుడు వాడు నా గడియారం ఇప్పిండు. మళ్ల బిగించనీకి రాలే. నేను కొట్టిన. మస్తు కొట్టిన."

అలా చెబుతూనే గుంత ముందు నేల మీద అటూ ఇటూ తొక్కుకుంటూ నడిచారు. నేను కర్ర దించి, బంతిని అక్కడే వదిలేసి ఆయన వెంట నడిచాను. చివరి గుంత దగ్గర అడిగారు.

"ఎవరు గెల్సిన్రు?"

"మీరే, సాబ్."

"అబద్ధం," అని కింద కూర్చుండిపోయారు. చీకటి పడేదాకా లేవలేదు. నేనూ పక్కనే కూర్చున్నాను.

కొన్నాళ్లకు, కొత్త సర్కారు వచ్చాక ఆయన నౌకరీ పోయింది. పెట్టె బస్సు మీదికి ఎక్కించింది నేనే. మరుసటి ఏడు పనిమీద హైదరాబాదు వెళ్లినప్పుడు, ఆయన ఉంటున్న అక్కగారిల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మనిషి సగమయ్యారు. చాయ్ తాగాం. కోదాడ ఊసు ఇద్దరం ఎత్తలేదు. నేను లేస్తుంటే మాత్రం, మిర్యాలగూడలో వానలు పడ్డయా అని అడిగారు.

ఇంకా పడలేదని చెప్పి వచ్చేశాను.