పాపాయి వంతెన

నా చిన్నప్పుడు మా ఊరికి వచ్చే దారి నీళ్ళ దగ్గర ఆగిపోయేది. గుండుగొలను దగ్గర పెద్దరోడ్డు దిగి కొల్లేటి వైపు వస్తే, సరిగ్గా ఊరి ముందర కాలువ అడ్డం. దాన్ని దాటడానికి ఒక బల్లకట్టు, కొన్ని పడవలు. బస్సు దిగినవాళ్ళైనా, పురిటినొప్పుల మనిషైనా గట్టున నిలబడి కేక వేయాల్సిందే. అందుకని ఆ కాలువ మీద వంతెన మంజూరైందని తెలిసిన రోజు మా తాతయ్య ఊరంతా బెల్లం పంచారు. ఆ పని చూడడానికి ఏలూరు ఆఫీసు నుంచి వచ్చిన కొత్త ఇంజనీరు మరెవరో కాదు, మా చిన్నాన్నే. ఇక తాతయ్య కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ ఊపులోనే ఆయనొక మాట జారారు. మా చిన్నత్తకు తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి నవ్వుతూనే ఒక చురక వేశారట, మీ ఊరు రావాలంటే చెప్పులు చేత్తో పట్టుకోవాలేమోనండీ అని. తాతయ్యకు అది గుచ్చుకుంది. పెళ్ళినాటికి మీ బస్సు తిన్నగా మా గుమ్మంలో ఆగుతుందండీ అని నలుగురిలో మాటిచ్చేసి వచ్చారు. అప్పటికి వంతెనకు ఇంకా కాళ్ళే లేచాయి. సంగతి విని మా నాయనమ్మ, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని గొణిగింది.

నిజానికి పని అనుకున్నట్టే నడిస్తే ఆ మాట నిలబడేదే. కానీ కాంట్రాక్టరు తోలిన ఇసుకలో సగం మట్టి, సగం నత్తగుల్లలు. మా చిన్నాన్న గుప్పెడు ఇసుక నీళ్ళచెంబులో వేసి గిలకొట్టి చూసి, బళ్ళన్నీ వెనక్కి పంపించేశాడు. మంచి ఇసుక గోదారి నుంచి వచ్చేసరికి చాలా రోజులు గడిచిపోయాయి. అప్పుడు తాతయ్యే మీసం మెలేసి, మావాడు తప్పుడు ఇసుక ముట్టడని అందరికీ చెప్పుకున్నారు. తీరా స్లాబు వేసిన రోజు నుంచి లెక్క చూస్తే, పెళ్ళి మరీ దగ్గర పడింది. స్లాబు కింద పోటుగా పెట్టిన సరుగుడు బాదులు మూడు వారాల దాకా తియ్యకూడదు, అవి తీసేదాకా పైకి బండి ఎక్కకూడదు. పెళ్ళేమో రెండు వారాలకే.

కాంట్రాక్టరు మా అరుగు మీద కూర్చుని తాతయ్య చెవిలో ఊదడం నేను విన్నాను. "ఎండ బాగా కాసిందండీ, స్లాబు రాయిలా ఉంది. మీరు ఊఁ అంటే బాదులు లాగించేస్తాను. ఒక్క బస్సే కదండీ." తాతయ్య చిన్నాన్న వైపు చూశారు. చిన్నాన్న తల అడ్డంగా ఊపాడు. "ఏరా, ఇది నీ చెల్లెలి పెళ్ళిరా" అన్నారు తాతయ్య. "ఎవరి పెళ్ళికైనా ఇదే చెప్తాను నాన్నగారూ" అన్నాడు చిన్నాన్న. అంతే, ఆ పూట నుంచి తాతయ్య కొడుకుతో మాట్లాడడం మానేశారు. తలుపు వెనక చిన్నత్త కళ్ళు తుడుచుకుంటోంది. ఈ మాటపట్టింపుల్లో సంబంధమే తప్పిపోతుందేమోనని తన భయం. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా చిన్నాన్న కాంట్రాక్టరు దగ్గర గెలిచి ఇంట్లో ఓడిపోయేలా ఉన్నాడు.

మర్నాడు పొద్దున్న చిన్నాన్న వంటింటి గడపలో చతికిలబడ్డాడు. నేను పక్కనే చిక్కుడుకాయలు వలుస్తున్నాను. ఇంట్లో అప్పుడు మా పెద్దత్త బాలింత. పురిటికి పుట్టింటికి వచ్చి, సరిగ్గా స్లాబు వేసిన రోజే ఆడపిల్లను కన్నది. చిన్నాన్న ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, "అమ్మా, పెళ్ళికి నీళ్ళు మోసే మనుషులు చాలరేమో. అక్క బాగానే తిరుగుతోందిగా, నాలుగు బిందెలు దాని చేత మోయిద్దామా" అన్నాడు.

నాయనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నీకేమైనా మతి పోయిందిరా? పచ్చి బాలింత. పైకి బాగానే కనబడుతుంది, లోపలింకా పచ్చే. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి, నూతిలో చేద వేయించేదాకా దాని చేత చెంబుడు నీళ్ళైనా మోయించను. ఇప్పుడు నడుం జారితే జన్మంతా నిలబడలేదు."

"వంతెనా అంతేనమ్మా" అన్నాడు చిన్నాన్న. "అదీ పచ్చి బాలింతే. పైన ఆరింది, లోపలింకా పచ్చే. నాన్నగారు దాని చేత బస్సు మోయిద్దామంటున్నారు."

నాయనమ్మ పొయ్యి మీది గిన్నె దించింది. తర్వాత గరిటె పట్టుకునే అరుగు మీదికి నడిచింది. నేను చిక్కుడుకాయలు వదిలేసి వెనకాలే పరుగెత్తాను. "ఏవండీ, మీ మాట కోసం బాలింత చేత బరువు మోయిస్తారా? మన ఇంట్లో ఆ పద్ధతి లేదు" అంది. అక్కడున్న కాంట్రాక్టరు మెల్లగా కండువా దులుపుకుని లేచాడు. తాతయ్య ఊళ్ళో ఎవరితోనైనా వాదించగలరు గాని, ఏడుగురిని కని పెంచిన మనిషితో పురుటి సంగతి ఏం వాదిస్తారు?

ఆ రోజు నుంచి వంతెన నాయనమ్మ చేతిలోకి వచ్చింది. కూలీలు స్లాబు మీద గడ్డి పరిచి తడుపుతుంటే, ఇది చాలదని ఊళ్ళో ఆడవాళ్ళందరినీ బిందెలతో కదిలించింది. నేనూ నా చిన్న చెంబుతో పోశాను. అక్కడే చిన్నాన్న నాతో అన్న మాట నాకింకా గుర్తే. "నేను సంతకం పెడితేనే బస్సులు దీని మీదికి ఎక్కుతాయే. ఎక్కేవాళ్ళు కిందికి వంగి చూడరు, నన్ను అడగరు. నమ్మి కూర్చుంటారు. అందులో మనవాళ్ళెవరు, పరాయివాళ్ళెవరు?"

తాతయ్య మాత్రం తాడేపల్లిగూడెం వెళ్ళి, ఇచ్చిన మాట తప్పుతున్నానని తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. ఆయన తిరిగి వచ్చేదాకా చిన్నత్త మెతుకు ముట్టలేదు. సాయంత్రం బల్లకట్టు దిగి వస్తున్న తాతయ్య మొహం చూడగానే నాకు అర్థమైంది. అక్కడ ఏం చెప్పాలో తోచక, నాయనమ్మ అన్న మాటే తన మాటగా చెప్పేశారట. పెళ్ళికొడుకు తల్లి అదంతా విని, "వంతెనకే ఇంత పథ్యం చేయించే ఇంటి పిల్ల మా కోడలు అవుతోందంటే మాకింకేం కావాలండీ" అందట. చిన్నత్త ఆ రాత్రి రెండు మారులు వడ్డించుకుంది.

పెళ్ళివారు పడవల్లోనే వచ్చారు. అంత అందమైన పెళ్ళి మా ఊరు మళ్ళీ చూడలేదు. మొదటి పడవలో సన్నాయి, రెండో పడవలో గొడుగు కింద పెళ్ళికొడుకు, వెనక పట్టుచీరలన్నీ నీళ్ళలో మెరుస్తూ. వాళ్ళ ముసలావిడ ఒకరు గడ్డి కప్పుకుని పడుకున్న వంతెన వైపు చూసి, రెండు అక్షింతలు విసిరింది. మా తాతయ్య గట్టు మీద నిలబడి, అందరూ చూస్తుండగా చిన్నాన్న భుజం మీద చెయ్యి వేశారు.

ఇరవై ఒకటో రోజున మా ఇంట్లో రెండు బారసాలలు జరిగాయి. పొద్దున పెద్దత్త కూతురికి. మధ్యాహ్నం బాదులు తీయించి, చిన్నాన్న ముందు వడ్ల బస్తాల బళ్ళు నడిపించి, తను కిందికి దిగి అంగుళం అంగుళం చూసుకుని పైకి వచ్చి తల ఊపాడు. అప్పుడు చిన్నత్తనూ వియ్యాలవారినీ ఎక్కించుకున్న బస్సు హారన్ కొట్టుకుంటూ వంతెన దాటి తిన్నగా మా గుమ్మంలో ఆగింది. ఊరు ఊరంతా ఈలలు, చప్పట్లు. నాయనమ్మ వంతెన పిట్టగోడకు దిష్టిచుక్క పెట్టి, దాని చెవి ఎక్కడుందో తనకే తెలిసినట్టు వంగి, పాపాయి అని మూడుసార్లు పిలిచింది. తాతయ్య వియ్యంకుడికి నమస్కారం పెట్టి, "మాట కాస్త ఆలస్యమైందండీ" అన్నారు. "అయితేనేమండీ, నిలబడిందిగా" అన్నారాయన.

నేను ఇంజనీరును కాలేదు. ఏలూరులో లెక్కల పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. మొన్న మా అబ్బాయి ఇల్లు కడుతూ, గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోంది, కింద బాదులు తీయించేస్తానమ్మా అంటే, నేను గరిటె పట్టుకునే వెళ్ళాను. ముహూర్తమే మారింది.

చిన్నాన్న ఇప్పుడు లేడు. వంతెన ఉంది. ఆఫీసు వాళ్ళు దానికి ఏదో నంబరు వేశారు గాని, ఆటోవాళ్ళు ఇప్పటికీ పాపాయి వంతెన అనే అరుస్తారు. ఐసు పెట్టెలతో చేపల లారీలు, బడిపిల్లల బస్సులు, పురిటికి వెళ్ళే ఆడపిల్లలు, ఎవరూ కిందికి వంగి చూడకుండానే దాటుతారు. ఒక అన్న సొంత చెల్లెలి పెళ్ళికి కుదరదని చెప్పిన మాట మీద నుంచి వెళ్తున్నామని వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. అందుకే బస్సు దాని మీదికి ఎక్కినప్పుడల్లా, ఈ వయసులో కూడా, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటాను.