బంగారు గనిలో రెండు నిమిషాలు

మా ఆయన ఆరేళ్లుగా బంగారం తవ్వుతున్నాడు. వినగానే కళ్లింత చేసుకోకండి. నా చెవులకున్నవి గిల్టువే.

ఆ బంగారం కంప్యూటర్ ఆటలోది. అది ఉంటే ఆ లోకంలో కత్తికి మంత్రం వేయించుకోవచ్చు, కోట కొనుక్కోవచ్చు, గుర్రమెక్కి ఊరేగొచ్చు. తవ్వే ఓపిక లేని ఆటగాళ్లు అసలు డబ్బిచ్చి కొనుక్కుంటారు. వాళ్లకు తవ్విపెట్టే కొట్టు మా బాబాయిది. మా ఆయన పొద్దున ఎనిమిదికి కూర్చుంటే తెరమీది బొమ్మ గునపం ఎత్తుతుంది, దించుతుంది. అంతే! గుర్రం కొంటే బంగారం తరుగుతుందని బాబాయి కొననివ్వడు. అందుకే ఆ బొమ్మ మూటలు మోసుకుంటూ గని నుంచి సంతదాకా ఇరవై నిమిషాలు కాళ్లీడ్చుకుంటూ పోతుంది. తోటి ఆటగాళ్లు దానికి నడకరాయుడని పేరు పెట్టారు. కొట్టులోవాళ్లు మా ఆయన్నే అలా పిలుస్తారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆయన అసలు వడ్రంగి. పని దొరకని రోజుల్లో బాబాయి "నాలుగు నెలలు కూర్చో అల్లుడూ" అని కొట్టు మీది గది కూడా ఇచ్చాడు. మొదటిరోజే ఆట కంపెనీవాళ్లు కెమెరాకు మొహం చూపించమన్నారు. ఈ మహానుభావుడు తల దువ్వుకుని మరీ చూపించాడు. ఇక ఆ బొమ్మ రోజూ ఆయన మొహం చూస్తేనే లేస్తుంది. ఇంకొకరి మొహానికి మార్చడం కుదరదట.

మొన్న కుర్చీలు చేసే మేస్త్రీ కబురుపెట్టాడు. శనివారం సాయంత్రంలోగా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడు. ఇద్దరం వెళ్లి బాబాయిని అడిగాం.

"ఆ బొమ్మ బతికున్నన్నాళ్లూ నువ్విక్కడే అల్లుడూ. అది పోయిననాడు నీ దారి నీది. నీడ ఇచ్చినవాణ్ణి, నా పొట్టమీద కొట్టకు."

మా ఆయన సరేనని తలూపి వచ్చాడు.

శనివారం మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కిందికి దిగాను. బాబాయి భోజనానికి వెళ్లాడు. అప్పుడే తెరమీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మనుషుల బదులు యంత్రాలతో తవ్విస్తున్నవాళ్లను ఏరేస్తున్నారట. 'మీరు మనిషేనా? రెండు నిమిషాల్లో జవాబు ఇవ్వకపోతే మీ బొమ్మను శాశ్వతంగా తొలగిస్తాం.'

బాబాయి అన్న మాట గుర్తొచ్చి క్యారేజీ కింద పెట్టేశాను.

"ముట్టుకోకండి," అన్నాను. "చేతులు ఒళ్లో పెట్టుకోండి. దేవుడే తలుపు తీశాడు."

బుద్ధిగా పెట్టుకున్నాడు. నిమిషం గడిచింది. ఒకటిన్నర గడిచింది. నాకప్పుడే చెక్కపొట్టు వాసన ముక్కుకు తగులుతోంది. మేస్త్రీ కొట్టుకు ఏ చొక్కా వేసి పంపాలో కూడా అనుకున్నాను. ఇంకో పది సెకన్లు ఉన్నాయనగా ఆయన చెయ్యి లేచింది. నేను పట్టుకునేలోపే టకటకా కొట్టేశాడు.

'మనిషినే.'

"మీకేమన్నా పిచ్చి పట్టిందా!" అని అరిచాను.

ఆయన తన వేళ్లవైపు చూసుకున్నాడు. "ఆరేళ్లలో నన్నెవరన్నా ఆ మాట అడిగారటే? అడిగాక కూడా కాదన్నట్టు ఎలా కూర్చోను?"

తిడదామనుకున్నాను. ఏడుపొచ్చింది.

'ధన్యవాదాలు. ఆట కొనసాగించండి' అని వచ్చింది తెరమీద. బొమ్మ గునపం ఎత్తింది. నేను బయటికి వెళ్లి, ఆయన రాడని మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పాను.